ఊకకొండ మీద ఎర్ర బద్దలు

నేను చదివింది మూడో తరగతి. అదీ పూర్తి కాలేదు. వరికోతల రోజుల్లో మా అమ్మ బడి మాన్పించింది. కాబట్టి నా రాతలో తప్పులు కనిపిస్తే దిద్దుకుని చదువుకోండి, నాకు కబురు పంపక్కర్లేదు.

రంగూన్‌లో ఇప్పుడు సంఘాలు ఎక్కువయ్యాయి. టెన్నిసు ఆడేవాళ్లకి ఒక బస, పడవలు వేసుకునేవాళ్లకి ఒక బస, ఊరికే కూర్చుని కాఫీ తాగేవాళ్లకి ఇంకో బస. వాటికి కాపరులు కావాలి. మన మింగళ తౌంగ్‌న్యున్ పేట పిల్లలు చాలామంది ఆ పనికి వెళుతున్నారు. వెళ్లేముందు నా దగ్గరికి వచ్చి, "అమ్మమ్మా, పని కష్టమేటి?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికి చెప్పే ఓపిక నాకు లేదు. అందుకని రాస్తున్నాను.

కాపరి పని అంటే పొద్దున తాళం తియ్యడం, సాయంత్రం తాళం వెయ్యడం అనుకుంటారు. ఆ రెండు తాళాలకీ మధ్య జరిగేదే పని. నీళ్లు కాచడం, అన్నం వండటం, తడిసిన బట్టలు ఆరెయ్యడం, మోకాలు చెక్కుకుపోయినవాడికి పసుపు అద్దడం, చెప్పులు పోగొట్టుకున్నవాడికి చెప్పులు వెతకడం. ఇవన్నీ ఎవరైనా నేర్చుకుంటారు. ఎవరి మాట వినాలి, ఎవరి మాట విన్నట్టుండి ఊరుకోవాలి, అది నేర్చుకోవడానికే ఏళ్లు పడుతుంది.

మంచు లేని ఊళ్లో

మా సంఘం పేరు చెబితే జనం ఇప్పటికీ నవ్వుతారు: ప్రకృతి విహార, స్కీ సంఘం. స్కీ అంటే చలిదేశాల్లో మంచు మీద నడవడానికి కాళ్లకి కట్టుకునే చెక్క బద్దలు. మనిషికన్నా పొడుగు, అరచెయ్యంత వెడల్పు, ముందు కొస పడవ ముక్కులా పైకి తిరిగి ఉంటుంది. రంగూన్‌లో మంచు కనిపించేది ఐసు బండిలో, అదీ పొట్టు కింద. మరి ఈ ఊళ్లో స్కీ ఏమిటని అడుగుతారు. అడగవలసిందే.

పెద్ద యుద్ధం ముగిసిన కొత్తలో ఒక పంతులమ్మ ఆదివారం నాడు తన బడి పిల్లల్నీ, తెలిసినవాళ్లనీ వెంటేసుకుని పిట్టల్ని చూడటానికి నడిచేది. పేరు డా ట్వే. అందరూ సయామా అంటారు. బర్మా భాషలో పంతులమ్మ అని. భర్త లేడు, తల నెరిసింది, గొడుగు చేతిలో లేకుండా నేనామెను చూడలేదు. ఆ నడకల్లోకి లార్స్ దొర వచ్చి చేరాడు. ఆయనది నార్వే. ఇక్కడ ఓడలకెక్కే టేకు దుంగలు బాగున్నాయో లేదో తట్టి చూసే ఉద్యోగం. ఆయన పిట్టల కోసమే వచ్చాడు. కానీ ఒక ఆదివారం నడక కాలువ ఒడ్డున ఉన్న బియ్యం మిల్లు పక్కనుంచి సాగింది. అక్కడ ఏళ్ల తరబడి పోసిన ఊక కొండలా పేరుకుని ఉంది. ఎండలో బంగారంలా మెరుస్తోంది. ఆయన అక్కడే ఆగిపోయాడు.

తరువాతి ఆదివారం ఆయన తన ఊరి నుంచి తెచ్చుకుని గోడకి తగిలించుకున్న బద్దలు భుజాన వేసుకుని వచ్చాడు.

అప్పుడు నేను ఆ మిల్లులోనే ఊక ఎత్తే పనిలో ఉన్నాను. మాలో చాలామంది శ్రీకాకుళం వైపువాళ్లం, కొంతమంది గంజాం వాళ్లు. అందరం గంపలు దింపి చూశాం. దొర కొండెక్కి, బద్దలు కట్టుకుని, ఒక్క తోపు తోసుకున్నాడు. సగం దాకా గాలిలా వచ్చాడు. మిగతా సగం బోర్లా వచ్చాడు.

"ఓలమ్మా, ఈ దొరకి ఎండ తగిలినట్టుంది," అంది నా పక్కనున్న సింహాచలం.

దొర నోటినిండా ఊకతో లేచి నవ్వుతున్నాడు. సయామా నా వైపు తిరిగి నీళ్లు అడిగింది. చెంబుతో ఇస్తూ నాకొచ్చిన బర్మాలో, "ఇవి తాగే నీళ్లు, పుక్కిలించడానికి కావు. ముందు తువ్వాలుతో ఊక తుడుచుకోమను," అన్నాను. మేం ఆ నీళ్లు దూరం నుంచి మోసుకొచ్చేవాళ్లం.

సయామా నన్ను కిందినుంచి పైదాకా చూసి, దొరతో ఏదో అంది. తర్వాత తెలిసింది, "బస అంటూ కడితే కాపరిగా ఈమె ఉండాలి," అందని.

వెదురు బస కట్టారు. నేను చేరాను. నాకు అప్పటికే ఊక ధూళికి దగ్గు పట్టుకుంది. బసలో చేరిన మొదటి చలికాలం వెళ్లేసరికి అది తగ్గింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

నీళ్లకుండ

మా సంఘంలో అన్ని రకాల మనుషులూ ఉండేవారు. బడి పిల్లలు, గుమాస్తాలు, మందుల షాపతను, ఒక ప్లీడరుగారు. ప్లీడరుగారు మనవాడే, కాకినాడ వైపు. ఆయన మొదటి ఆదివారం నన్ను పక్కకి పిలిచి, "ఆ కుండలో మిల్లు కూలీలు కూడా ముంచుకుంటున్నారు. నాకు వేరే కుండ పెట్టు," అన్నాడు.

నేను సయామాకి చెప్పాను. కోపం తెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె కుండ వైపు చూసి, ప్లీడరుగారి దగ్గరికి వెళ్లి, "కుండ సంఘానిది, దాహం మీది," అంది. అంతే. వాదించలేదు, ఉపన్యాసం చెప్పలేదు. ఆ రోజు నడక ఇన్సేన్ దాటి పొలాల మీదుగా. మధ్యాహ్నం ఎండ మాడ్చేసింది. తిరిగొచ్చాక ప్లీడరుగారు ఎవరూ చూడటం లేదనుకుని కుండ దగ్గరికి వెళ్లి రెండు చెంబులు తాగాడు. నేను చూశాను. చూడనట్టు అంట్లు తోముకున్నాను. తరువాత ఆయన చాలా ఏళ్లు వచ్చాడు, మంచి నడకగాడు. కుండ మాట మళ్లీ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

అధికారులు ఎందరో ఉంటారు. చేతిలో ఉన్న అధికారం ఖర్చు పెట్టకుండా పని జరిపించేవాళ్లు తక్కువ. నాకు పొదుపు ఇష్టం. అందుకే సయామా అంటే నాకు మొదటినుంచీ గౌరవం.

లార్స్ దొర అలా కాదు. బంగారం లాంటి మనిషి, కానీ సామాను ఎక్కడ విప్పితే అక్కడే వదిలేస్తాడు. అంతకన్నా పెద్ద లోపం, ఏదీ చెప్పడు. ఏటా వానలు వెలిసే ముందు ఒక చిన్న డబ్బాలోంచి నల్లటి తారు తీసి, బద్దల అడుగున రాసి, నిప్పు సెగ చూపించి ఇంకించేవాడు. బసంతా పొగ వాసన. ఎందుకు చేస్తున్నాడో ఎవరికీ చెప్పలేదు. అందరికీ తెలిసే ఉంటుందనుకున్నాడు. తనకి తెలిసింది లోకానికంతటికీ తెలుసనుకునే మనుషులుంటారు. వాళ్ల కింద పనిచేస్తే మీరే అడగాలి.

ఆయన బద్దల్ని చూసి లమ్మడా పేటలో ఒక చీనా వడ్రంగి టేకుతో ఇంకొన్ని జతలు చేసిచ్చాడు. బరువైనవి, గట్టివి. పిల్లలూ గుమాస్తాలూ వాటి మీదే నేర్చుకున్నారు. సయామా కూడా నేర్చుకుంది, ఆ వయసులో, లుంగీ పైకి దోపుకుని, ఒక చేత్తో గొడుగు పట్టుకుని. నన్నూ రమ్మనేది.

"నావి కడుపు కోసం నడిచే కాళ్లు సయామా. జారడానికి వాటికి తీరిక లేదు," అనేదాన్ని.

ఆమె బలవంతం చేసేది కాదు. వచ్చే వారం మళ్లీ అడిగేది.

కో టిన్ భుజం

కో టిన్ అని ఒక కుర్ర గుమాస్తా ఉండేవాడు. మంచివాడే, కానీ ఆగడం రాదు. చేరిన రెండో ఆదివారమే కొండ నెత్తిమీదకెక్కి దిగాడు. కింద ఆగలేక మిల్లు గోడకి కొట్టుకున్నాడు. భుజం దగ్గర కాలర్ ఎముక విరిగింది. నా తువ్వాలు చింపి చెయ్యి మెడకి కట్టాను. అది కొత్త తువ్వాలు. వాడు ఏడవకుండా, "అమ్మా, ఎంత వేగంగా వచ్చానో చూశావా?" అని అడిగాడు. మగపిల్లల సంగతి మీకు వేరే చెప్పాలా.

ఎముక అతికింది. కానీ సంగతి మిల్లు మేనేజరు దొర చెవిన పడింది. ఆయన కొత్తగా వచ్చినవాడు. తన ఊకకొండ మీద ఎవరైనా మెడ విరుచుకుంటే మాట తన మీదకి వస్తుందని ఆయన భయం. భయంలో తప్పేమీ లేదు, ఆయన చోట నేనున్నా భయపడేదాన్ని. దసరా వెళ్లాక వచ్చే పున్నమికి, బర్మా వాళ్ల దీపాల పండగ రోజున, మా సంఘం వానల తరువాత మొదటి ఆట మొదలుపెడుతుంది. ఆ రోజు తానే వచ్చి చూస్తానన్నాడు. ప్రమాదమనిపిస్తే కొండ చుట్టూ కంచె వేయిస్తానని, బస పీకించేస్తానని చెప్పి పంపాడు.

బస పోతే కాపరి ఎందుకు? నేను మళ్లీ గంప ఎత్తుకుని ఊక ధూళిలోకి దిగాలి. ఆ వానాకాలమంతా రాత్రి పక్క మీద వాలితే చాలు, పోయిన దగ్గు మళ్లీ వస్తున్నట్టే ఉండేది.

సయామా అందరినీ కూర్చోబెట్టింది. "భయపడేవాడికి నైపుణ్యం చూపించాలి. లార్స్ పైనుంచి దిగి, ఆయన ముందు వంపు తిరిగి, ఒక్క గింజ ఊక కూడా ఆయన బూటు మీద పడకుండా ఆగాలి. అది చూస్తే ఆయనకి ధైర్యం వస్తుంది," అంది.

లార్స్ దొర తలూపాడు. ఆయనకది పెద్ద పని కాదు.

ఆయుధ పూజ

మా ఇంటాయన ఇన్సేన్ రైలు వర్క్‌షాపులో పెట్టెలకి రంగులేసే పనివాడు. దసరాకి అక్కడ మన వాళ్లు ఆయుధ పూజ గట్టిగా చేస్తారు. సుత్తులు, రంపాలు, రంగు కుంచెలు, అన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి వరసగా పేరుస్తారు. ఆ ఏడు పండగకి ముందు ఆదివారం ఆయన బసకి వచ్చి, నేను కట్టెలు తేవడానికి వెళ్లిన వేళ, లార్స్ దొరని అడిగాడట: "దొరా, తమరి బద్దలు పూజకి అట్టికెళ్తాను, నవమికి తెచ్చిత్తాను," అని. దొర సంతోషంగా సరే అన్నాడట.

నవమి సాయంత్రం ఆయన పొడుగాటి దుప్పటి మూట భుజాన వేసుకుని వచ్చాడు. ముఖంలో పండగ.

"ఏటది?" అన్నాను.

"ఇప్పి సూడు."

విప్పాను. బద్దలు ఎర్రగా, అద్దంలా, నా మొహం కనిపించేలా మెరుస్తున్నాయి. వంకర కొసల మీద పసుపు, దాని మీద కుంకుమ బొట్లు. ఒక్కక్షణం నాకే ముచ్చటేసింది. తర్వాత ముక్కుకి వాసన తగల్లేదు. ఆ పొగ వాసన.

"దీని కింద నల్లగా ఉండేది, ఏటయింది?"

"గీకీసినాను. ఎన్నేళ్ల మడ్డో, గెడ్డ కట్టీసింది. గీకి, కాయితం ఎట్టి రుద్ది, మూడు పూతలు ఏసినాను. పైన వార్నీసు. పెద్దదొరల పెట్టికి ఏసింది డబ్బా అడుగున మిగిలితే, మేస్త్రీ అట్టికెళ్లిపొమ్మన్నాడు."

"దొర ఏటేటా నిప్పెట్టి మరీ రాసుకుంటాడా తారు. ఊరికే రాసుకుంటాడేటి? నన్నొక్క మాట అడగొద్దా?"

"నిన్నెందుకడగాల? దొరనే అడిగినాను గదా. సరేనన్నాడు."

"పూజకన్నావు. రంగుకన్నావేటి?"

ఆయన దుప్పటి మడత పెట్టాడు. తర్వాత కుంకుమ బొట్టు వైపు చూస్తూ, "నా కుంచెలకి ఏటా పూజుంది. నువ్వూ పని సేత్తన్నావు గదా. నీ పనిముట్లకి మాత్రం ఉండొద్దేటే?" అన్నాడు.

అప్పటికి నా నోట్లో ఒక తిట్టు సిద్ధంగా ఉంది. దాన్ని మింగి అన్నం పెట్టాను.

మర్నాడు ఇద్దరం బద్దలు పట్టుకుని బసకి వెళ్లాం. లార్స్ దొర, సయామా అక్కడే ఉన్నారు. దొర ముందు పైభాగం చూసి నవ్వాడు. తర్వాత తిప్పి అడుగుభాగం చూశాడు. నవ్వు ఆగిపోయింది. మెల్లగా మెట్టు మీద కూర్చున్నాడు. ఆయన మాతో బజారు హిందుస్తానీలో మాట్లాడేవాడు. దాన్ని మన మాటల్లో రాస్తున్నాను.

"తారు ఏది?"

"గీకీసినాను బాబూ. సుబ్రంగా."

"అంతా?"

"ఒక్క సుక్క నేదు బాబూ."

అప్పుడు చెప్పాడు, మొదటిసారి. తన దేశంలో ఒక చెట్టు వేళ్లు కాల్చి ఆ తారు తీస్తారని, అది చెక్కలోకి ఇంకితేనే బద్ద జారుతుందని, ఆ బద్దలకి మొదటి పూత తన తండ్రి వేశాడని. డబ్బా అడుగంటింది. కొత్తది ఓడలో రావాలి, అది ఎప్పటికో. మా ఆయన గొంతుక్కూర్చుని నేల చూస్తున్నాడు.

"ఇప్పుడే గీకీసి బాగు సేసేత్తాను దొరా. రాత్రంతా కూకుంటాను."

దొర వార్నీసు మీద వేలు పెట్టాడు. వాన తేమకి అది ఇంకా పూర్తిగా ఆరలేదు, వేలు చిన్నగా అంటుకుంది. చాలాసేపు ఆ బొట్టునే చూశాడు.

"వద్దు," అన్నాడు. "పూజ చేసినదాన్ని గీకకూడదు. నువ్వు అడిగావు, దేనికో నేను అడగకుండా సరే అన్నాను. అది నల్లగా ఎందుకుందో నేను చెప్పలేదు, నువ్వు అడగలేదు. సగం నీది, సగం నాది."

"మరి పున్నమి నాడు?" అంది సయామా.

"ఇవే కట్టుకుంటాను. టేకువాటి పట్టీల్లో నా పాదం దూరదు."

నేను చాలామంది దొరల్ని చూశాను. పగిలిన గాజుగ్లాసుకి చెయ్యెత్తినవాళ్లున్నారు. తండ్రి చేతి పూత పోయిందని తెలిసిన గంటలోనే, ఆ పోగొట్టినవాడికి టీ పోసివ్వమని నాతో చెప్పింది ఈయనొక్కడే.

పున్నమి నాడు

మిల్లు లైన్ల జనమంతా వచ్చారు. మేనేజరు దొర తెల్ల టోపీ పెట్టుకుని, చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. నేను బస గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. అప్పుడే ఊక ధూళి పీలుస్తున్నట్టు.

లార్స్ దొర కొండ నెత్తిమీద నిలబడి, చేతుల్లోని ఊతకర్రలతో ఒక్క తోపు తోసుకున్నాడు. బద్దలు కదల్లేదు. మళ్లీ తోశాడు. ఒక జానెడు కదిలాయి. వార్నీసుకి ఊక అంటుకుని, అప్పడాలకి పిండి పట్టినట్టు పట్టేసింది. ఇక ఆయన ఒక్కో కాలు ఎత్తి వేస్తూ, గట్టు దిగే ముసలి పంతుల్లా దిగడం మొదలుపెట్టాడు.

"దొరా, బేగి రా, పొద్దు గూకిపోతంది," అని సింహాచలం కేకేసింది.

"ఉండొలే, సంకురేతిరికి దిగుతాడు," అని ఇంకొకర్తె.

జనం పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. దొర కూడా నవ్వుతూనే దిగుతున్నాడు, కానీ చెవులు ఎర్రబడ్డాయి. మా ఆయన గుంపు వెనక్కి వెళ్లి దాక్కున్నాడు. అయిపోయింది, బస పోయింది అనుకున్నాను.

కింద దాకా వచ్చేసరికి మేనేజరు దొర మొహం మారింది. ఆయనా నవ్వుతున్నాడు. ఆయన మాటలు ఇంగ్లీషులో ఉంటే, కో టిన్ నా పక్కన నిలబడి బర్మాలో చెప్పాడు. "ఇంతేనా? మా పిన్ని చర్చికి ఇంతకన్నా వేగంగా నడుస్తుంది. దీనికా నేను నిద్ర మానుకున్నది? ఆడుకోండి. కంచె అక్కర్లేదు," అన్నాడట. టోపీ సవరించుకుని తన బండి వైపు నడిచాడు.

నా ప్రాణం కుదుటపడింది. నేలకి దండం పెట్టాను. లేచి చూసేసరికి సయామా గొడుగు విప్పి ఆయన వెనకాల వెళుతోంది.

ఎందుకో నాకు అర్థమైపోయింది. పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను. "సయామా, నోటికాడికి వచ్చిన ముద్ద. పోగొట్టకండి. ఆయనే సరే అన్నాడు గదా."

ఆమె ఆగి నా వైపు చూసింది. కోపంగా కాదు. "నర్సా, ఆయన సరే అన్నది రంగుకి. మన ఆటకి కాదు. రేపు ఒక పిల్లాడు పడితే, ఆయన నన్ను అబద్ధాలకోరు అంటాడు. నిజమే అంటాడు," అంది. నా చెయ్యి మెల్లగా విడిపించుకుని వెళ్లిపోయింది.

ఆ క్షణంలో ఆమె మీద నాకు వచ్చిన కోపం ఇంకెవరి మీదా రాలేదు. పోయేది ఆమె జీతం కాదు కదా అనుకున్నాను. ఈ మాట దాచకుండా రాస్తున్నాను, ఎందుకంటే మంచివాళ్ల కింద పనిచేసినప్పుడు ఇలాంటి రోజు మీకూ వస్తుంది.

సయామా ఆయనకి అంతా చెప్పింది. ఈ రోజు బద్దలకి రంగుందని, మామూలుగా వేగం వేరని, అది కూడా చూసి అప్పుడు చెప్పమని. వెనక్కి తిరిగి కో టిన్‌ని పిలిచింది. వాడు నా వైపు ఒకసారి చూసి, టేకు బద్దలు తీసుకుని కొండెక్కాడు. ఏడాదంతా పడి లేచి నేర్చుకున్నాడు వాడు. పైనుంచి జారిన గద్దలా దిగాడు. గోడ ఇంకా దూరముండగానే వంపు తిరిగి, మేనేజరు దొర ముందు ఆగాడు. ఊక కెరటంలా లేచి ఆయన బూట్లు కప్పేసింది.

ఎవరూ నవ్వలేదు. మేనేజరు దొర బూట్లు చూసుకున్నాడు, గోడ చూశాడు, వాడి భుజం చూశాడు. తర్వాత ఎవరూ అనుకోని పని చేశాడు. లార్స్ దొర బద్ద ఒకటి పైకెత్తి, అడుగున బొటనవేలుతో రాశాడు. వేలు అంటుకుంది.

"ఈ రంగు వేసిందెవరు?"

మా ఆయన్ని గుంపులోంచి తోసుకొచ్చారు. ఉరికంబానికి వచ్చినట్టు వచ్చాడు.

"ఇది ఎంతకాలం ఉంటుంది?"

"రైలుపెట్టి మీద ఏళ్లకేళ్లుంటాది బాబూ. ఊక మీదయితే ఉండదు. ఊక గరుకు, తినేత్తాది. సలికాలం వెళ్లేసరికి పోతాది."

నేను దాన్ని బర్మాలో చెబితే, కో టిన్ ఇంగ్లీషులో చెప్పాడు. మేనేజరు దొర బద్ద కింద పెట్టాడు.

"అన్నిటికీ వెయ్యి. ప్రతి ఏడూ వెయ్యి. అలా అయితే కొండ మీది," అన్నాడు.

ఆయన బండి కదిలాక సయామా వచ్చి మెట్టు మీద కూర్చుని, మొదటిసారి తనకోసం నన్ను నీళ్లు అడిగింది. నీడలో కూర్చున్నా గొడుగు ముడవడం మరిచిపోయింది. ఆమె కూడా భయపడిందని అప్పుడు తెలిసింది. నేను చెంబు ఇచ్చాను. కోపం ఎప్పుడు పోయిందో తెలియదు.

రంగు నిబంధన

మేనేజరు దొర చెప్పింది రంగు వెయ్యమని మాత్రమే. దాన్ని చదువుగా మార్చింది సయామా. ఏటా దసరాకి బద్దలన్నీ ఇన్సేన్‌కి రైల్లో వెళతాయి, ఎర్రగా, బొట్లతో తిరిగొస్తాయి. పున్నమి నాడు కొత్తవాళ్లూ పాతవాళ్లూ అందరూ ముసలి పంతుళ్లలాగే దిగుతారు. పడినా దెబ్బ తగలదు. వారం వారం ఊక కొంచెం కొంచెం రంగుని తింటుంది. బద్దకి వేగం వచ్చే వేళకి మనిషికి ఆగడం వస్తుంది. ఒకరు అరగదీసిన బద్దని ఇంకొకరు కట్టుకోకూడదు. ఎవరి రంగు వాళ్లే అరగదీసుకోవాలి. ఆ తర్వాత కో టిన్ లాంటి వాళ్లు చాలామంది వచ్చారు. ఎముక మాత్రం విరగలేదు.

లార్స్ దొరకి ఓడలో తారు డబ్బా వచ్చింది. వచ్చిన రోజు తెరవలేదు. బసలో అటక మీద పెట్టి, తన ఎర్రరంగు పూర్తిగా అరిగాకే తెరిచాడు. ఆ రోజు మా ఆయన్ని ఇన్సేన్ నుంచి పిలిపించి, తారు ఎలా ఇంకించాలో పక్కన కూర్చోబెట్టుకుని చూపించాడు. చెప్పడం నేర్చుకున్నాడన్నమాట.

మీలో ఎవరైనా మా బసకే కాపరిగా వెళ్లవచ్చు. వెళితే కుండ చోటు మార్చకండి. మిల్లువాళ్లు కొత్తగా బూడిద పోసిన వైపు ఎవర్నీ ఎక్కనివ్వకండి, లోపల నిప్పు ఉంటుంది. బద్దల్ని తోమకండి. ఏదైనా నల్లగా కనిపిస్తే, గీకేముందు అడగండి.

నేను తాళాలు అప్పగించిన రోజున శాలువా కప్పుతారేమో అని భయపడ్డాను. ఈ ఊరి ఎండకి శాలువా డబ్బు దండగ. సయామా అలాంటి పని చెయ్యలేదు. లోపలికి వెళ్లి ఒక కొత్త జత తెచ్చి నా ముందు పెట్టింది. పొట్టివి, నా ఎత్తుకి తగ్గట్టు చేయించినవి. పట్టీలు నా పాదానికి సరిపోయాయి. ఆ కొలత ఆమెకి ఎవరిచ్చారో మా ఆయన మొహం చూస్తే తెలిసింది. రంగు ఆయనదే. కొసన బొట్టు కూడా.

"ఇప్పుడు ఆ కాళ్లకి తీరిక వచ్చింది కదా," అంది సయామా.

అవి మా గదిలో గోడకి ఆనించి ఉన్నాయి. మనవరాలు దండెంలా వాడుకుని తడిబట్టలు వేస్తోంది. మంచి టేకు చెక్క, మంచి వార్నీసు, తోలు పట్టీలు. ఇంత సామాను ఊరికే గోడకి ఆనించి పాడుచెయ్యడం నావల్ల కాదు. వచ్చే ఆదివారం వెళుతున్నాను. నా రంగు ఇంకా కొత్తగానే ఉంది, కాబట్టి మెల్లగానే దిగుతాను. సింహాచలం ఏమన్నా అననీ.